నర్సింగ్ సీటు ఇచ్చేముందు జీతం ఎంతో కూడా చెప్పండి

గౌరవనీయులైన తెలంగాణ వైద్య, ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఇన్‌చార్జి సిస్టర్‌ని. కొత్తగా చేరే పిల్లలకు డ్యూటీలు వేసేది, పని నేర్పేది నేనే. నాలుగేళ్లు బీఎస్సీ నర్సింగ్ చదివి, బ్యాంకు లోను నెత్తిన పెట్టుకుని వస్తున్న ఆ పిల్లల తరఫున మీకు ఒక విన్నపం. రాష్ట్రంలో ప్రతి నర్సింగ్ కాలేజీ గురించి మూడు అంకెలు ప్రభుత్వమే బయటపెట్టాలి: కోర్సు మొత్తానికి అయ్యే ఖర్చు, అక్కడ చదివినవాళ్ల మీద ఉన్న లోను, బయటికొచ్చిన రెండేళ్లకు వాళ్ల చేతికొస్తున్న జీతం. కాళోజీ హెల్త్ యూనివర్సిటీ కౌన్సెలింగ్‌లో వెబ్ ఆప్షన్లు పెట్టుకునేటప్పుడు కాలేజీ పేరు పక్కనే ఇవి కనపడాలి.

ఇప్పుడు ఆ కుటుంబాలకు ముందుగా తెలిసేది ట్యూషన్ ఫీజు ఒక్కటే. హాస్టల్, యూనిఫాం, క్లినికల్ పోస్టింగ్‌లకు తిరిగే బస్సు, రికార్డులు, పరీక్ష ఫీజులు చేరాక ఒక్కొక్కటే బయటపడతాయి. రీయింబర్స్‌మెంట్ వస్తుందన్న ధైర్యంతో చేరినవాళ్లను, బకాయిలు రాలేదు కాబట్టి డబ్బు కట్టి సర్టిఫికెట్లు తీసుకెళ్లమంటున్న కాలేజీలున్నాయి. అప్పటికప్పుడు నూటికి రెండు, మూడు రూపాయల వడ్డీకి తెచ్చి కడతారు తల్లిదండ్రులు. ఆ అప్పు ఏ బ్యాంకు లెక్కలోనూ ఉండదు.

బ్యాంకు లెక్క ఒక్కటే వేసి చూద్దాం. ఏడాది మొదట్లో లక్ష చొప్పున నాలుగేళ్లకు 4 లక్షల లోను, వడ్డీ పదిన్నర శాతం అనుకోండి. చదువయ్యాక ఇంకో ఏడాది గడువిస్తారు గానీ వడ్డీ ఆగదు. బారువడ్డీ వేసినా, కట్టడం మొదలుపెట్టేనాటికి 1,47,000 వడ్డీ కలిసి బాకీ 5,47,000 అవుతుంది. ఏడేళ్ల వాయిదాలు పెట్టుకుంటే నెలకు 9,200 పైనే. కుటుంబ ఆదాయం నాలుగున్నర లక్షల లోపు ఉండి, చదువుకునే కాలానికి, ఆ గడువుకు కేంద్రం ఇచ్చే వడ్డీ రాయితీ సక్రమంగా అందితే 6,700 దాకా తగ్గుతుంది.

మా దగ్గర కొత్తగా చేరిన నర్సుకు కట్టింగ్‌లు పోను వచ్చేది 17 వేలు. ఇందులో హాస్టలుకు, తిండికి పోగా ఏం మిగులుతుందో వేరే చెప్పనక్కర్లేదు. మా ఐసీయూలో ఒక అమ్మాయి ఉంది. ఈఎంఐ తేదీ దగ్గరపడితే ముఖంలో నెత్తురు చుక్క ఉండదు. ఖాతాలో డబ్బు లేక వాయిదా వెనక్కి పోతే బ్యాంకు చార్జీ వేస్తుంది, ఊళ్లో వాళ్ల నాన్నకు ఫోన్ వెళ్తుంది. అందుకని నైట్ డ్యూటీ దిగి, నిద్రపోవాల్సిన వేళ ఒకరింట్లో మంచాన పడిన పెద్దావిడ దగ్గర హోమ్ కేర్ చేస్తుంది. రాత్రికి మళ్లీ వచ్చి, పేషెంటు బీపీ నిలబెట్టే మందును ఇన్‌ఫ్యూజన్ పంపులో సెట్ చేయాల్సింది ఆ పిల్లే. అక్కడ ఒక్క చుక్క అటూ ఇటూ అయినా ప్రాణం మీదికి వస్తుంది. నేను రెండోసారి చెక్ చేయకుండా వదలను, కానీ అన్ని బెడ్ల దగ్గరా నేనుండలేను కదా. నా టెన్షన్ అంతా దీని గురించే. జీతం, లోను అని మనం మాట్లాడుకునేది చివరికి పేషెంటు మంచం దగ్గరికే వచ్చి చేరుతుంది.

అమెరికాలో కమ్యూనిటీ కాలేజీలో రెండేళ్లు చదివినవాళ్లు కూడా, నాలుగేళ్ల డిగ్రీవాళ్లు రాసే ఎన్‌క్లెక్స్ పరీక్షే రాసి రిజిస్టర్డ్ నర్సులవుతారు. స్థానిక విద్యార్థులకు అక్కడ ట్యూషన్ ఏడాదికి సగటున 4 వేల డాలర్ల చిల్లర. రిజిస్టర్డ్ నర్సుల మధ్యస్థ సంపాదన (సగం మందికి అంతకన్నా ఎక్కువే), 2024 మే నాటి ప్రభుత్వ లెక్కల్లో, ఏడాదికి 93,600 డాలర్లు. లెక్క అంత అనుకూలంగా ఉన్న చోట కూడా ప్రభుత్వం కాలేజ్ స్కోర్‌కార్డ్ అనే వెబ్‌సైట్‌లో కోర్సుల వారీగా అప్పు ఎంత, సంపాదన ఎంత అన్నది పెడుతోంది. 2023లో అక్కడి విద్యాశాఖ తెచ్చిన నిబంధనల్లో ఒక కొలత పెట్టారు: చదువు లోను మీద ఏటా కట్టే మొత్తం సంపాదనలో 8 శాతం దాటకూడదు. అదే కొలత మా ఐసీయూ అమ్మాయికి పెట్టి చూడండి. 17 వేలలో 9,200 అంటే 54 శాతం. రాయితీ పూర్తిగా అందినా 40 శాతానికి దగ్గర. నేను డాలర్ల జీతాలు అడగడం లేదు, లెక్క జనం ముందు పెట్టే పద్ధతి అడుగుతున్నాను.

ఆ అంకెలు బయటికొస్తే తప్పు ఎక్కడుందో మీకే తెలుస్తుంది. ఫీజులు తగ్గించాల్సిందే, కానీ అసలు గండి జీతం దగ్గర పడుతోంది. ప్రభుత్వ స్టాఫ్ నర్సు మూల వేతనం 36,750తో మొదలవుతుంది. అదే చదువు, అదే నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ ఉన్న మా పిల్లలకు అందులో సగం రావడం లేదు. 2016 జనవరిలో సుప్రీంకోర్టు ఆదేశిస్తే ప్రైవేటు నర్సుల జీతాల మీద కేంద్రం వేసిన కమిటీ స్పష్టంగానే చెప్పింది: 200 పడకలు దాటిన ఆసుపత్రి ప్రభుత్వ నర్సులతో సమానంగా ఇవ్వాలి, 50 పడకల లోపు చిన్న నర్సింగ్ హోమ్ అయినా 20 వేలకు తగ్గకూడదు. కేరళ 2018లో 20 వేల కనీస వేతనానికి నోటిఫికేషన్ ఇచ్చింది. ఆనాటి 20 వేలు కూడా ఇవాళ మా వార్డులో లేవు.

2024 జనవరిలో దాదాపు 7 వేల మందికి ప్రభుత్వ స్టాఫ్ నర్సు నియామక పత్రాలిచ్చారు. మా దగ్గరి పిల్లలు కూడా వెళ్లారు, సంతోషించాం. అయితే అందరికీ ప్రభుత్వ ఉద్యోగాలు రావు. విదేశాల్లో ఉద్యోగాలు చూపించే రాష్ట్ర ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ ద్వారా జర్మనీ వెళ్లాలన్నా ముందు జర్మన్ భాష నేర్చుకోవాలి, నైట్ డ్యూటీలు చేస్తూ అది అంత తేలిక కాదు.

ఈ వివరాలు ఎక్కడ దొరుకుతాయని మీ అధికారులు అడగవచ్చు. ఆరోగ్యశ్రీ ప్యానెల్‌లో ఉన్న ఆసుపత్రుల నుంచి మొదలుపెట్టండి, అక్కడ ఖర్చవుతున్నది ప్రభుత్వ సొమ్మే. ఒక్కో నర్సు రిజిస్ట్రేషన్ నంబరు, చదివిన కాలేజీ, బ్యాంకు ఖాతాలో పడిన జీతం ఇస్తేనే ప్యానెల్ కొనసాగుతుందని షరతు పెట్టండి. మేనేజ్‌మెంట్ చెప్పే జీతం కాదు, ఖాతాలో పడిన జీతం. లోన్ల వివరాలు బ్యాంకుల దగ్గర ఎలాగూ ఉన్నాయి. ఎవరి పేరూ బయటికి రాకుండా, కాలేజీ వారీగా కలిపి ప్రచురించవచ్చు. మొదటి జాబితా వచ్చే కౌన్సెలింగ్ నోటిఫికేషన్‌తోపాటే విడుదల చేయించండి. మా వార్డు పిల్లలు తమ జీతం చీటీలు, లోను స్టేట్‌మెంట్లు మీ శాఖకు ఇవ్వడానికి సిద్ధంగా ఉన్నారు.

ఇట్లు,
ఒక ఇన్‌చార్జి సిస్టర్,
హైదరాబాద్