ఆకలి నీ తప్పు కాదురా

రాజమండ్రి
ఆదివారం పొద్దున

ఒరేయ్,

గురువారం రాత్రి పన్నెండున్నరకి నువ్వు పెట్టిన మెసేజ్ మర్నాడు పొద్దున గట్టు మీద నడుస్తూ చదివాను. కోటిలింగాల రేవు మెట్ల మీద కూర్చుని మళ్ళీ చదివాను. "నాకు నోరు కట్టుకోవడం చేతకాదురా, నా బతుకింతే" అని రాశావు చూడు, అక్కడ ప్రాణం ఉసూరుమంది. ఫోన్ చేద్దామనుకున్నాను గానీ, ఫోన్లో నువ్వు "సరేలే, సరేలే" అని దాటేస్తావు. అందుకే ఉత్తరం రాస్తున్నాను. కాస్త పొడుగవుతుంది, కాఫీ పెట్టుకుని కూర్చో.

నువ్వు రాసిందంతా ఒక కాగితం మీద పెట్టుకుని చూశాను. ఆరు వారాల్లో 87 కేజీల నుంచి 81కి వచ్చావు. వారానికి ఆరు రోజులు జిమ్. పొద్దున ఓట్స్, మధ్యాహ్నం రెండు పుల్కాలు, కాస్త కూర, కీర ముక్కలు. సాయంత్రం గ్రీన్ టీ, ఆ పైన జిమ్, రాత్రికి సూప్. చార్టు ప్రకారం మొత్తం 1200 కేలరీలు. ఇక రాత్రి పదకొండు దాటాక గిన్నెలో మిగిలిన అన్నం, పిల్లల బిస్కెట్ ప్యాకెట్, అది అయిపోతే డబ్బాలో బెల్లం ముక్క. ఈ వారంలో ఇది నాలుగోసారి. పొద్దున లేవగానే ఆ తప్పుకి శిక్షగా ఓట్స్ కూడా మానేస్తున్నావు.

రెండేళ్ళ కిందట నేను చేసింది అచ్చంగా ఇదే. నీకు ఎప్పుడూ చెప్పలేదు, సిగ్గేసి. అప్పుడు నేను 92 కేజీలు. చేరిన జిమ్‌లో ఒక చార్టు చేతిలో పెట్టారు, అందరికీ అదే జెరాక్స్ కాపీ. నెల రోజులు ప్రాణం పెట్టి చేశాను. ఒక రాత్రి నిద్ర పట్టక లేచి వంటింట్లోకి వెళ్ళాను. లైటు వేస్తే అమ్మ లేస్తుందని వెయ్యలేదు. చల్లన్నం గిన్నె మీద మూత తీసి గట్టు మీద పెట్టి, జాడీలోంచి ఆవకాయ ముద్ద వేసుకుని, నిలబడే గిన్నెలోనే కలుపుకుని తిన్నాను. రుచి కూడా తెలియలేదు. పిడికెడు పిడికెడు లోపలికి వెళ్ళిపోతోంది. మోచెయ్యి తగిలి మూత కింద పడింది. అమ్మ వచ్చి లైటు వేసింది. ఏమీ అనలేదు. పీట వాల్చి, కంచం పెట్టి, పెరుగు గిన్నె పక్కన పెట్టి, "కూర్చుని తినరా, కడుపుకేగా తింటున్నావు, దొంగతనం కాదుగా" అంది. ఆ మాటతో నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. నా డైటింగ్ మారింది అక్కడి నుంచే.

ఆ తర్వాత పట్టుబట్టి చదివాను. రెండో ప్రపంచ యుద్ధం చివరి రోజుల్లో, 1944-45లో, అమెరికాలో మిన్నెసోటా యూనివర్సిటీలో యాన్సెల్ కీస్ అనే ఆయన ఒక ప్రయోగం చేశాడు. యుద్ధంలో పోరాడటానికి ఒప్పుకోని యువకులు 36 మంది దానికి స్వచ్ఛందంగా ముందుకొచ్చారు. ఆరు నెలలు వాళ్ళకి రోజుకి సుమారు 1570 కేలరీల తిండి పెట్టి, వారానికి 22 మైళ్ళు నడిపించారు. అంటే 35 కిలోమీటర్లు. వాళ్ళు పగలూ రాత్రీ తిండి గురించే మాట్లాడుకున్నారు. వంటల పుస్తకాలు కొని పోగేసుకుని చదివారు. ప్లేట్లు నాకారు. ప్రయోగం అయిపోయి కడుపునిండా తిన్నాక కూడా కొందరికి ఎంత తిన్నా ఆకలి తీరలేదు. వాళ్ళు మనోబలం లేనివాళ్ళు కాదు, నమ్మిన మాట కోసం దేశాన్నే ఎదిరించి నిలబడ్డవాళ్ళు. వాళ్ళకి పెట్టిన తిండి నీ చార్టు కంటే ఎక్కువరా. ఆ లెక్క చూశాక నేను నీ మీద జాలిపడలేదు, ఆ చార్టు ఇచ్చినవాళ్ళ మీద కోపమొచ్చింది.

"బరువు తగ్గేకొద్దీ ఆకలి తగ్గాలి కదా, పెరుగుతుందేంటి?" అని అడిగావు. మన ఒంట్లో కొవ్వు లెప్టిన్ అనే హార్మోన్ తయారుచేస్తుంది. "సరుకు నిండుగానే ఉంది, కంగారు లేదు" అని మెదడుకి కబురు పంపేది అదే. కొవ్వు తగ్గితే ఆ కబురు పలచబడుతుంది. ఖాళీ కడుపులోంచి వచ్చే ఘ్రెలిన్ అనేది మాత్రం పెరుగుతుంది, అది ఆకలి పుట్టించేది. 2011లో ఆస్ట్రేలియా వాళ్ళు ప్రచురించిన పరిశోధన ఒకటుంది. పది వారాలు బాగా తక్కువ తిండితో బరువు తగ్గినవాళ్ళని ఏడాది తర్వాత చూస్తే, ఆ హార్మోన్లు ఇంకా పాత చోటికి రాలేదు, ఆకలీ ఎక్కువగానే ఉంది. మన ఒంటికి మనం డైటింగ్ చేస్తున్నామని తెలియదు. కరువొచ్చిందనుకుంటుంది, పిల్లల్ని కాపాడుకునే తల్లిలా మనల్ని కాపాడుకుంటుంది. అలాంటి ఒంటితో కొట్లాటకి దిగితే గెలవలేం. బతిమాలుకోవాలి, సర్దిచెప్పాలి.

నీ విషయంలో ఇంకో చిక్కుంది. జిమ్‌లో గట్టిగా చేసినప్పుడు గంటా గంటన్నర ఆకలి అణిగిపోతుంది. ఎనిమిదింటికి ఇంటికి వచ్చేసరికి నీకు ఆకలే ఉండదు, సూప్ చాలనిపిస్తుంది. పదకొండింటికి అణిగిందంతా ఒక్కసారి లేస్తుంది. అప్పుడు ఇంట్లో అందరూ పడుకుని ఉంటారు, చేతికందేది అన్నం గిన్నె, బిస్కెట్లు. గంట వ్యాయామంలో ఖర్చయ్యేది 300 కేలరీలో, గట్టిగా చేస్తే 400లో. 100 గ్రాముల బిస్కెట్లలో 450 దాకా ఉంటాయి. అందుకని జిమ్ మానెయ్యమని కాదు. కండ కరగకుండా, గుండెకీ షుగర్‌కీ నిద్రకీ మంచిది కాబట్టి జిమ్‌కి వెళ్ళు. తిన్నది కరిగించడానికని మాత్రం వెళ్ళకు.

ఇప్పుడు తిండి సంగతి. నువ్వు రోజూ తార్నాక మీదుగానే కదా ఆఫీసుకి వెళ్ళేది? అక్కడున్న జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం మామూలు మనిషికి కేజీ బరువుకి రోజుకి 0.83 గ్రాముల ప్రొటీన్ కావాలి. నీకు 67 గ్రాములు. బరువు తగ్గుతూ బరువులెత్తేవాళ్ళకి ఇంకాస్త ఎక్కువే మంచిది. నీ చార్టులో నేను లెక్కేస్తే 30 దాటలేదు. కడుపులో ఎక్కువసేపు నిలిచేది ప్రొటీనూ పీచూ, నీకు కరువైనవీ ఆ రెండే.

అందుకని సాయంత్రం గ్రీన్ టీ తీసేసి గుగ్గిళ్ళు పెట్టుకో. నవ్వకు, నన్ను నిలబెట్టినవి అవే. రాత్రి పడుకునేముందు ఉలవలో, బొబ్బర్లో, శనగలో ఒక పిడికెడు పైన, సుమారు 50 గ్రాములు నానబెట్టు. పొద్దున ఉప్పేసి కుక్కర్‌లో మెత్తగా కాకుండా పలుకు మీద దించు. ఉలవలకి ఇంకో రెండు విజిల్స్ ఎక్కువ పడతాయి. చెంచా నూనెలో ఆవాలు, ఎండుమిర్చి, కరివేపాకు వేసి పోపు పెట్టి, దించాక నిమ్మకాయ పిండి, పచ్చి ఉల్లిపాయ తరుగు చల్లు. నూనె చెంచాతోనే కొలువు, సీసాతో వంచకు, ఒక్క చిన్న చెంచాకే 45 కేలరీలు. డబ్బాలో పెట్టుకుని అయిదింటికి ఆఫీసులోనే తిను. పది గ్రాముల ప్రొటీన్ వస్తుంది. అన్నిటికంటే ముఖ్యం, అవి నమలాలి. గబగబా మింగలేవు, పళ్ళకి పని పడుతుంది. కడుపు నిండిందని మెదడుకి తెలిసేలోగా కంచం ఖాళీ కాకుండా ఉంటుంది. మా ఇంట్లో ఇప్పుడు నా డబ్బా కోసం మా ఆవిడా, పిల్లలూ పోటీ.

మధ్యాహ్నం రెండు పుల్కాలతో ఏమవుతుందిరా? కావాలంటే పుల్కాలే తిను, అన్నమైతే ఒక కప్పు తిను, తప్పేం లేదు. దాంట్లోకి ముద్దపప్పో, ఆకుకూర పప్పో గరిటెడు కాదు, గిన్నెడు వేసుకో. బీరకాయో సొరకాయో కూర కంచంలో సగం ఉండాలి. పెరుగు మానకు. బంగాళాదుంపని శత్రువులా చూస్తున్నావు, అది అన్యాయం. 1995లో సిడ్నీ యూనివర్సిటీ వాళ్ళు 38 రకాల తిళ్ళు ఒకే కేలరీల కొలతతో పెట్టి, ఏది తింటే ఎక్కువసేపు కడుపు నిండుగా ఉంటుందో చూశారు. తెల్ల బ్రెడ్డుకి 100 మార్కులు అనుకుంటే ఉడికించిన బంగాళాదుంపకి 323 వచ్చాయి, అన్నిటికంటే అదే పైన. వేపుడు సంగతి కాదు సుమా, ఉడికించినది.

రాత్రి ఎనిమిదిన్నరకి ఆకలి లేకపోయినా కూర్చుని తిను. రెండు గుడ్లు, కూర, ఒక పుల్కా, మజ్జిగ. పదకొండుకి వచ్చేదాన్ని ఎనిమిదిన్నరకే ఎదురెళ్ళి కలుసుకోవడమన్నమాట. నీళ్ళు తాగు, నిద్ర ఏడు గంటలు తగ్గనీకు. నిద్ర చాలకపోతే మర్నాడు ఆకలి రెట్టింపవుతుంది, నాకు అనుభవం. రోజ్ మిల్క్, జ్యూసుల జోలికి మాత్రం వెళ్ళకు. తాగినది కడుపు నింపదు, కేలరీలు మాత్రం లెక్కలో పడతాయి.

ఇంత చేసినా ఆకలి పూర్తిగా పోదు, ఆ మాట ముందే చెబుతున్నాను. సాయంత్రం నాలుగింటికి నాకు ఇప్పటికీ కడుపు నకనకలాడుతుంది. మనం రోజూ తినే వేళకి ఒళ్ళు దానంతటదే సిద్ధమవుతుంది, ఒక అలలా లేచి అరగంటలో కాస్త వంగుతుంది. అప్పుడు నన్ను నేను ఒకటి అడుగుతాను: చల్లన్నం, పప్పు పెడితే తింటానా? తింటాననిపిస్తే అది ఆకలి, తినాల్సిందే. అదొద్దు, పునుగులే కావాలనిపిస్తే అది యావ. యావకి గట్టు మీద పది నిమిషాల నడక చాలు. మన పెద్దవాళ్ళు ఈ రెండిటికీ వేర్వేరు మాటలు ఊరికే పెట్టలేదు. యావ అయిన రోజుల్లో కూడా ఒక్కోసారి పునుగులు తింటాను, పిల్లలతో కలిసి, కూర్చుని, వేడివేడిగా. పెళ్ళిళ్ళలో గారె తింటాను. మర్నాడు పొద్దున మామూలుగా టిఫిన్ చేస్తాను. నువ్వు ముందు మానాల్సింది ఆ మర్నాటి శిక్షే. పొద్దున మానేసిన తిండి రాత్రికి వడ్డీతో వస్తుంది.

వారానికి అరకేజీ తగ్గితే చాలు. నాకు 13 కేజీలు తగ్గడానికి 14 నెలలు పట్టింది. మధ్యలో రెండు నెలలు ముల్లు కదలలేదు. ఫరవాలేదు. కడుపునిండా తిన్నా కూడా రాత్రిళ్ళు ఆపుకోలేకపోతుంటే, దాచుకుని తినడం, తర్వాత కుమిలిపోవడం అలాగే ఉంటే డాక్టర్‌కి చెప్పు. అది కూడా వైద్యం ఉన్న సంగతే, సిగ్గుపడాల్సింది కాదు. నేను తోడు వస్తాను కావాలంటే.

ఇక అన్నిటికంటే తొందరగా చేయాల్సింది ఇంకోటుంది. నీ మెసేజ్ చివర్లో ఏదో సంతోషంగా రాసినట్టు రాశావు, నాన్నగారు కూడా నీకు తోడుగా రాత్రి భోజనం మానేసి సూప్ తాగుతున్నారని. ఒరేయ్, ఆయన షుగర్ బిళ్ళలు వేసుకుంటారు. వాటిలో కొన్ని తిన్నా తినకపోయినా షుగర్‌ని కిందకి లాగుతాయి. ఆయనకి చెమటలు పట్టినా, చేతులు వణికినా, గుండె దడగా ఉన్నా, మాట తికమకగా వచ్చినా "డైటింగ్ కదా, నీరసం" అనుకోకండి. వెంటనే మిషన్‌తో చూడండి. 70 కంటే తక్కువుంటే మూడు చిన్న చెంచాల పంచదార నీళ్ళలో కలిపి తాగించండి. పావుగంట ఆగి మళ్ళీ చూసి, అప్పటికీ తక్కువుంటే ఇంకోసారి ఇచ్చి, కుదుటపడ్డాక భోజనం పెట్టండి. మాట తెలియని స్థితిలో ఉంటే నోట్లో ఏమీ పొయ్యకండి, 108కి ఫోన్ చెయ్యండి. తిండి తగ్గించాలంటే ముందు డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళి బిళ్ళ మోతాదు సరిచేయించు. అప్పటిదాకా ఆయన భోజనం ఆయన వేళకి పడాలి. చెల్లెమ్మతో కూడా చెప్పు, నువ్వు మర్చిపోతావు.

ఈ ఉత్తరం ఫొటో తీసి ఇప్పుడే పంపిస్తున్నాను, అసలు కాగితం పోస్టులో వస్తుంది. ఈ రాత్రికి ఆయన ఏం తిన్నారో చూసి, తొమ్మిదింటికి నాకు ఫోన్ చెయ్యి. ఉలవల సంగతి రేపు మాట్లాడుకుందాం.

నీ
గోదారి గట్టు నేస్తం