ఆస్టన్ కుర్రాళ్లు నలుగురు

బర్మింగ్‌హామ్,
ఆగస్టు 2025

నాన్నా,

ఇక్కడ అందరం బాగున్నాం. అమ్మ మోకాలి నొప్పి ఎలా ఉందో ఈసారైనా దాచకుండా రాయండి.

ఆ రోజు వీడియో కాల్‌లో బ్రాడ్ స్ట్రీట్ నిండా జనాన్ని చూసి "ఎవరమ్మా పోయింది, పెద్ద నాయకుడా?" అని అడిగారు. ఆ గోలలో సరిగ్గా చెప్పలేకపోయాను. పోయినాయన పాటగాడు, ఓజీ ఆస్‌బర్న్. జులై 22న పోయారు, 76 ఏళ్లు. ఆ వీధిలో కాలువ మీదున్న వంతెనకి ఆయన బ్యాండ్ పేరే పెట్టారు, బ్లాక్ సబ్బాత్ బ్రిడ్జ్ అని. 30న శవవాహనాన్ని అక్కడ ఆపారు. ముందు బ్రాస్ బ్యాండ్ వాయిస్తూ నడిచింది. ఇళ్లు, ఆఫీసులు వదిలి జనం వచ్చేశారు.

అయితే మీకు వివరంగా రాయాలనుకుంటున్నది ఆయన గురించి కాదు, అదే బ్యాండ్‌లో గిటార్ వాయించిన టోనీ అయోమీ గురించి. ఆయనా మీలాగే షీట్ మెటల్ పని చేసినవాడు.

పదిహేడేళ్ల వయసులో ఇక్కడే ఒక ఫ్యాక్టరీలో వెల్డింగ్ చేసేవాడు. సంగీతం కోసం పని మానేయాలనుకున్నాడు, ప్రమాదం జరిగింది ఆఖరి రోజునే. మధ్యాహ్నం భోజనానికి ఇంటికొచ్చి ఇక వెళ్లనంటే వాళ్లమ్మే, ఒప్పుకున్న పని పూర్తి చేసి రమ్మని పంపింది. రేకు వంచే మెషిన్ దగ్గర పనిచేసే ఆవిడ రాకపోవడంతో ఈయన్ని దాని మీద నిలబెట్టారు. మెషిన్ చేతి మీద పడింది. ఉలిక్కిపడి వెనక్కి లాక్కునేసరికి కుడిచేతి నడిమి వేలు, ఉంగరపు వేలు కొసలు ఊడిపోయాయి. ఆయనది ఎడమచేతి వాటం, గిటార్ తీగల్ని నొక్కిపట్టాల్సింది ఆ కుడిచేతి వేళ్లే. డాక్టర్లు ఇక వాయించలేవన్నారు. బాలానగర్ షెడ్లలో వేళ్లు పోయినవాళ్లని మీరు చూశారు కదా, ఆ ఇంట్లో ఎలా ఉండి ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు.

ఫ్యాక్టరీ ఫోర్‌మన్ ఒక రికార్డు పట్టుకొచ్చి వినమన్నాడట. అది జాంగో రైన్‌హార్ట్ వాయించింది. నిప్పంటుకుని రెండు వేళ్లు పనికిరాకుండా పోయాక కూడా గిటార్‌లో అంతవాడు లేడనిపించుకున్న మనిషి. అది విని టోనీ వేళ్లకి తొడుగులు చేసుకోవడం మొదలుపెట్టాడు. అంట్లు తోమే లిక్విడ్ సోపు సీసాని కరిగించి ఉండ చేశాడు, సోల్డరింగ్ ఐరన్‌తో వేలు దూరేంత బెజ్జం పెట్టాడు, ఎమరీ పేపర్‌తో అరగదీశాడు. ప్లాస్టిక్ తీగ మీద జారుతుంటే పాత తోలు జాకెట్ ముక్క కోసి అంటించాడు. ఏ ఫిట్టర్ చేసినా ఇలాగే చేస్తాడు అనిపించింది నాకు.

తొడుగుల్లోంచి స్పర్శ తెలీదు, లావు తీగలు నొక్కితే నొప్పి. అప్పట్లో సన్నవి దొరక్క బాంజో తీగలు తెచ్చి కట్టుకున్నాడు. 1971లో మూడో ఆల్బమ్‌కి తీగల బిగువు వదులు చేసి శ్రుతిని మూడు స్వరస్థానాలు కిందికి దించేశాడు. వేళ్ల మీద భారం తగ్గింది, నాదం మాత్రం బరువెక్కింది. హెవీ మెటల్ అని ఇవాళ లోకమంతా వాయించే సంగీతానికి ఆ నాదమే పునాది అయింది.

నలుగురూ ఇక్కడి ఆస్టన్ పేట కుర్రాళ్లే. ఓజీ, టోనీ, బేస్ గిటార్ వాయించే గీజర్ బట్లర్, డ్రమ్స్ వాయించే బిల్ వార్డ్. ఓజీ కార్ల హారన్లు సరిచేసే పని చేశాడు, కబేళాలోనూ చేశాడు. 1968లో కలిసి మొదలుపెట్టారు, మరుసటి ఏడాది బ్లాక్ సబ్బాత్ అని పేరు పెట్టుకున్నారు. మొదటి ఆల్బమ్‌ని ఒక్క రోజులో రికార్డు చేసేశారు, 1970 ఫిబ్రవరి 13న వచ్చింది. పత్రికల వాళ్లు తిట్టిపోశారు, జనం కొన్నారు. అందులో మొదటి పాట వాన చప్పుడుతో, చర్చి గంటతో మొదలవుతుంది. తర్వాత గిటార్ మీద మూడే స్వరాలు: షడ్జమం, పై షడ్జమం, అక్కణ్నుంచి దిగి ప్రతిమధ్యమం. బాబాయ్‌ని హార్మోనియం మీద నెమ్మదిగా పట్టి చూడమనండి. పంచమం వస్తుందని చెవి ఎదురుచూస్తుంది, అది రాదు. భయమంతా అక్కడే ఉంది. అదే ఏడాది వచ్చిన రెండో ఆల్బమ్ ఇక్కడ నంబర్ వన్.

తర్వాతది మామూలు కథే. డబ్బు, తాగుడు, మత్తుమందులు, మేనేజర్లతో గొడవలు. 1979లో ఓజీని పంపించేశారు. అమెరికా నుంచి రోనీ జేమ్స్ డియో వచ్చి పాడాడు, 1980లో తెచ్చిన ఆల్బమ్ గొప్పది. ఆయనా వెళ్లిపోయాడు. డీప్ పర్పుల్ అనే ఇంకో బ్యాండ్ గాయకుడు ఇయాన్ గిలన్ వచ్చి 1983లో ఒక ఆల్బమ్ పాడి వెళ్లాడు. గీజర్ వెళ్లాడు, బిల్ అంతకుముందే వెళ్లాడు. పాతవాళ్లలో టోనీ ఒక్కడే మిగిలాడు.

ఆ ఏళ్లని ఇక్కడ చాలామంది లెక్కలోకి తీసుకోరు. ఓజీ లేకపోతే అది సబ్బాత్ కాదంటారు. నేను ఒప్పుకోను. దుకాణం మూసేయడం తేలిక, టోనీ మూసేయలేదు. ఈ ఊరివాడే టోనీ మార్టిన్ అనే గాయకుణ్ని తెచ్చుకుని, చిన్న హాళ్లలో, తక్కువ జనం ముందు వాయించాడు. 1989లో వచ్చిన ఆల్బమ్ నేను ఆఫీసుకి వెళ్తూ వింటాను, ఎందులోనూ తీసిపోదు. ఆ కాలపు ఆల్బమ్‌లని 2024లో కలిపి మళ్లీ విడుదల చేశారు.

1997 చివర్లో నలుగురూ ఈ ఊళ్లోనే కలిసి వాయించారు. 2012 మొదట్లో టోనీకి లింఫోమా క్యాన్సర్ అని తేలింది. చికిత్స తేదీల మధ్యలో కచేరీలు పెట్టుకున్నాడు, ఆ మధ్యలోనే ఆల్బమ్ పూర్తి చేశాడు. 2013లో అది నంబర్ వన్ అయింది, 1970 తర్వాత మళ్లీ అప్పుడే. బిల్ మాత్రం ఒప్పందం దగ్గర తేడా వచ్చి అందులో లేడు, 2017 ఫిబ్రవరిలో ఇక్కడ జరిగిన వీడ్కోలు కచేరీలోనూ లేడు. ఆ లోటు అభిమానులకి ముల్లులా ఉండిపోయింది.

ఈ జులై 5న అది తీరింది. ఆస్టన్‌లోనే ఉన్న విల్లా పార్క్ ఫుట్‌బాల్ స్టేడియంలో నలుగురూ కలిశారు. చిన్నప్పుడు ఓజీ మ్యాచ్ రోజుల్లో అక్కడికొచ్చే కార్లకి కాపలా ఉండి చిల్లర సంపాదించేవాడట. పార్కిన్సన్స్ అనే నరాల జబ్బు వల్ల నిలబడలేక సింహాసనం లాంటి కుర్చీలో కూర్చుని పాడాడు. వచ్చిన డబ్బు పార్కిన్సన్స్ పరిశోధనకీ పిల్లల ఆసుపత్రికీ అన్నారు. టికెట్ దొరక్క నేను ఆన్‌లైన్‌లో చూశాను. అందరూ ఓజీని చూస్తున్నారు, నేను టోనీ కుడిచేతినే చూస్తూ కూర్చున్నాను. 77 ఏళ్ల చెయ్యి, ఒక్క స్వరం తప్పలేదు. పదిహేడు రోజులకి ఓజీ పోయాడు.

మొదటి పాట లింక్ తమ్ముడి ఫోన్‌కి పంపాను. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వినండి. మీ షెడ్డులో ప్రెస్ పడే లయ అందులో వినిపిస్తుందో లేదో మీరే చెప్పాలి, నాకు వినిపిస్తుంది. దసరాకి టికెట్లు చూస్తున్నాం, ఖాయమవగానే ఫోన్ చేస్తాను.

మీ
చిన్నమ్మాయి