పొట్టి పికప్ దసరాకి రాదు, కారణం ఒక షాఫ్ట్

మన షెడ్డుకి ఏళ్లుగా వస్తున్నవాళ్లందరికీ నమస్కారం. దసరాకి బయటికి తెస్తామని చెప్పిన పొట్టి పికప్ ఆ రోజుకి సిద్ధం కాదు. దీపావళి దాటాకే ఇస్తాం. మిగతా పనంతా దాదాపు అయిపోయింది, వెనక ప్రొపెల్లర్ షాఫ్ట్ (ఇంజను బలాన్ని వెనక యాక్సిల్‌కి తీసుకెళ్లే తిరిగే గొట్టం) దగ్గర ఆగాం. ఫోన్లో అడిగినవాళ్లకి తలా ఒక ముక్క చెప్పాం కాబట్టి సంగతి మొత్తం ఇక్కడ రాస్తున్నాం.

తెలియనివాళ్ల కోసం: వెనకనుంచి లారీ గుద్దితే బీమావాళ్లు టోటల్ లాస్ రాసేసిన ఇసుజు వీ-క్రాస్ ఇది. బెడ్డు నుజ్జయింది, చాసీ వెనక భాగం వంగింది. ఇంజను, గేర్‌బాక్సు, రెండు యాక్సిళ్లు బాగున్నాయి. ముందు, వెనక చక్రాల మధ్య దూరమే వీల్‌బేస్. 3095 మిల్లీమీటర్ల వీల్‌బేస్‌లో 500 తీసేసి 2595కి తెచ్చాం. వెనక సీటు పీకేసి, క్యాబిన్ వెనక గోడని ముందుకు జరిపాం. దీంతో గట్టు ఎక్కి దిగేటప్పుడు బండి పొట్ట నేలకి తగలడం తగ్గుతుంది, మలుపు తిరగడానికి కావలసిన జాగా దాదాపు ఆరో వంతు తగ్గుతుంది. ఏటవాలు ఎక్కేటప్పుడు మాత్రం పొట్టి బండి ముందు భాగం తొందరగా తేలుతుంది. కొనేవాళ్లు అది తెలిసే కొనాలి.

చాసీ వెల్డింగ్ గురించి చాలామంది భయపడుతున్నారు. ఆ భయం అక్కర్లేదు. కడ్డీలని నిలువుగా ఒకే గీతలో కోయలేదు, మెట్టు ఆకారంలో కోశాం. కుడివైపు కోత, ఎడమవైపు కోత ఎదురెదురుగా రాకుండా జరిపాం. స్ప్రింగు బ్రాకెట్ల దగ్గరికి పోలేదు, చాసీ నంబరున్న భాగాన్ని ముట్టుకోలేదు. లోపల స్లీవు, బయట కొసలు కోసుగా ఉన్న ప్లేటు, ప్లేటు మధ్యలో రంధ్రాలు పెట్టి నింపిన వెల్డు. వానాకాలంలో 7018 వెల్డింగ్ రాడ్లు తేమ పీల్చుకుంటాయి. ఆ తేమలోని హైడ్రోజన్ వెల్డులోకి దిగితే పైకి బాగానే కనిపించి తర్వాత పగులుతుంది. అందుకే ప్రతి కట్టనీ 350 డిగ్రీల దగ్గర గంటసేపు ఓవెన్లో ఎండబెట్టి వాడాం. వెల్డు చల్లారాక మూల నుంచి మూలకి కొలిస్తే తేడా 3 మిల్లీమీటర్ల లోపే ఉంది. చూస్తానంటే రండి, టేపు మీ చేతికే ఇస్తాం.

ఇక షాఫ్ట్. కంపెనీది రెండు ముక్కలు, మధ్యలో బేరింగు. పొడవు తగ్గాక ఒకే ముక్క సరిపోతుంది. అది చేయమని మాకు ఎప్పటినుంచో పని చేసిపెట్టే ఒక లేత్ షాపుకి కాగితం మీద రాసి ఇచ్చాం: 76 మిల్లీమీటర్ల అతుకులేని గొట్టం, మందం 3, తిప్పినప్పుడు ఊగు అర మిల్లీమీటరు దాటకూడదు, రెండు చివర్ల యోకులు (జాయింటుని పట్టుకునే రెండు చెవుల ముక్కలు) ఒకే వరసలో ఉండాలి, తిప్పి బ్యాలెన్సు చేయాలి.

వచ్చిన షాఫ్ట్ నల్ల పెయింటుతో మెరిసిపోతోంది. వీ-బ్లాకుల మీద పెట్టి డయల్ గేజ్ ఆనించి చేత్తో తిప్పితే ముల్లు 1.7 మిల్లీమీటర్ల దాకా పోయింది. టార్చి వేసి లోపలికి చూస్తే గొట్టం పొడవునా అతుకు గీత. మందం 2 మిల్లీమీటర్లే. యోకుల చెవుల మీద మట్టం పెడితే ఒకదానికీ ఇంకోదానికీ దాదాపు 4 డిగ్రీల తేడా. బ్యాలెన్సు కోసం అతికించిన ముక్కలు మూడూ ఒకేచోట, ఒకదాని మీద ఒకటి. వంకర గొట్టాన్ని బరువులతో కప్పిపెట్టారన్నమాట.

అడిగితే "పొలంలో తిరిగే బండికి ఇంత దేనికి, నడిచిపోతుంది" అన్నారు. ఆ మాట మాకు గట్టిగా తగిలింది. పొలం బండికే ఇది ఎక్కువ కావాలి. యోకుల్ని కలిపే క్రాస్ జాయింటు వంపులో తిరిగేటప్పుడు షాఫ్ట్ వేగం ఒక్కో చుట్టులో రెండుసార్లు పెరిగి తగ్గుతుంది. రెండో చివరి జాయింటు ఆ హెచ్చుతగ్గుల్ని కొట్టేయాలంటే యోకులు ఒకే వరసలో ఉండాలి, రెండు చివర్లా వంపు సమానంగా ఉండాలి. లేకపోతే అదురు ట్రాన్స్‌ఫర్ కేసు (ముందు, వెనక చక్రాలకి బలం పంచే పెట్టె) వెనక ఆయిల్ సీలుకీ, క్రాసుల్లోని సూది బేరింగులకీ పోతుంది. లో రేంజిలో (మెల్లగా, ఎక్కువ బలంతో లాగే గేరులో) బురదలోంచి లాగేటప్పుడు షాఫ్ట్ మీద పడే మెలి రోడ్డు మీదకన్నా చాలా ఎక్కువ. పలచని గొట్టం మెలితిరిగిపోయేది అక్కడే.

పైగా షాఫ్ట్ పొట్టిదైతే వంపు పెరుగుతుంది. రెండు చివర్ల మధ్య ఎత్తు తేడా 120 మిల్లీమీటర్లు అనుకుంటే, 1200 పొడవు షాఫ్ట్‌కి వంపు దాదాపు 6 డిగ్రీలు. 700 పొడవుకి 10 దగ్గరికి వస్తుంది. బండిని ఇంకో రెండంగుళాలు లేపమని అడిగేవాళ్లకి మా జవాబు ఇదే. లేపం. వెనక యాక్సిల్ కోణం సరిచేయడానికి కమాన్ పట్టీల కింద స్టీలు చీలికలు పెట్టాం. అల్యూమినియంవి నలిగి పగులుతాయి.

అదే షాఫ్ట్‌ని ఇంకోచోట మళ్లీ బ్యాలెన్సు చేయించి బిగిస్తే దసరాకి బండి ఇచ్చేయొచ్చు. మెల్లగా నడిపితే ఎవరికీ తెలియదు కూడా. ఈ ఒక్క విషయం మీద షెడ్డులో రోజులతరబడి వాదించుకున్నాం. మాటిచ్చిన తేదీ, అడ్వాన్సులు, పండగ, అన్నీ ఒకవైపు. మా పేరు మీద వెళ్లే బండి కింద ఆ గొట్టం ఉండటం ఇంకోవైపు. చివరికి దాన్ని మధ్యకి కోసి స్క్రాపులో వేశాం. కొత్త గొట్టం తెచ్చాం, యోకులు మా లేత్ మీదే కూర్చోబెడుతున్నాం, బ్యాలెన్సింగ్ వేరేచోట మా కళ్లముందే జరుగుతుంది. ఆ పాత షాపుకి ఇక మా పని వెళ్లదు. క్షమాపణ చెప్పినా వెళ్లదు.

మిగతావి క్లుప్తంగా. పికప్ స్ప్రింగులు సరుకు మోయడానికి చేసినవి కాబట్టి అడుగు పట్టీ తీసేశాం. వెనక బరువు తగ్గితే బ్రేకు వేసినప్పుడు వెనక చక్రాలు ముందు పట్టేస్తాయి, అందుకని బరువుని బట్టి బ్రేకు పంచే వాల్వు చెయ్యిని మళ్లీ సెట్ చేశాం. హ్యాండ్‌బ్రేక్ కేబుల్ పొట్టిది చేయించాం. వైరింగ్ కోయలేదు, మడిచి కట్టాం.

ఇంకొకటి, ఎవరు మొహమాటపెట్టినా మారనిది. ఈ బండి రోడ్డుకి కాదు. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం ఆర్‌సీలోని వివరాలు తయారీదారు ఇచ్చినవాటికి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. వీల్‌బేస్ ఆర్‌సీలోనే రాసుంటుంది. కాబట్టి వికారాబాద్ వైపు మీ పొలానికైనా, సొంత ట్రాక్‌కైనా లారీ మీద ఎక్కించి పంపుతాం. "నంబరు ప్లేటు వేసి ఇవ్వండి, ఓఆర్ఆర్ మీద చూసుకుంటాం" అనేవాళ్లు దయచేసి అడగొద్దు.

మామూలు సర్వీసు, క్లచ్ పనులు, డెంటింగ్ ఎప్పటిలాగే నడుస్తున్నాయి, వాటికి ఆలస్యం లేదు. పొట్టి బండికి అడ్వాన్సు కట్టినవాళ్లు ఆగితే అదే ధర, గొట్టం ఖర్చు మాదే. డబ్బు వెనక్కి కావాలంటే రసీదు తీసుకుని రండి, అదే రోజు పూర్తిగా ఇచ్చేస్తాం.