మూసీ ఆయకట్టులో నానో కణాల మాటేమిటి?

సంపాదకులకు,

ఆర్యా! నానో యూరియా 2021లో రైతుల చేతికి వచ్చింది. ఆ తర్వాత నానో డీఏపీ, నానో జింక్, నానో కాపర్ వరుస కట్టాయి. వీటితో దిగుబడి ఎంత పెరుగుతుందన్న చర్చ మా వలిగొండ వైపు బాగానే సాగుతోంది గానీ, పొలం నుంచి కాలువకూ, కాలువ నుంచి చెరువుకూ చేరే భాగం అక్కడి నాచునూ చేపపిల్లనూ ఏం చేస్తుందన్న ప్రశ్న నాకు ఎక్కడా వినిపించలేదు. జంతుశాస్త్రం బోధించి విశ్రాంతి తీసుకున్నవాడిగా, మూసీ నీటితో వరి పండించే కుటుంబీకుడిగా ఈ లేఖ రాస్తున్నాను.

వీటన్నిటినీ ఒకే గాటన కట్టరాదు. యూరియా నీటిలో కరిగిపోతుంది. వెండి, జింక్ ఆక్సైడ్, కాపర్ ఆక్సైడ్ వంటి లోహ కణాల సంగతి వేరు. నానోమీటరంటే మీటరులో వంద కోట్లవ వంతు. సెంటీమీటరు ఘనాన్ని 10 నానోమీటర్ల ముక్కలు చేస్తే, బరువు మారకుండానే దాని ఉపరితలం 600 చదరపు మీటర్లకు, అంటే దాదాపు 6 గుంటలకు పెరుగుతుంది. లోహ అయాన్లు, అంటే విద్యుదావేశమున్న లోహ పరమాణువులు, విడుదలయ్యేది ఆ ఉపరితలం నుంచే. వెండి అయాన్లు చేప మొప్పల్లో సోడియం గ్రహణాన్ని అడ్డుకుంటాయి. నీటిని వడకట్టి బతికే డాఫ్నియా అనే సూక్ష్మ జలచరం ఆ కణాలను ఆహారంతో పాటే మింగుతుంది. ఆ చిన్న జీవినీ నాచునూ తిని బతికేవే మన చెరువుల్లోని చేపపిల్లలు.

మొక్కల విషయంలో మోతాదే కీలకం. వరికి జింక్ అవసరమే. అయితే ముల్లంగి, మొక్కజొన్న, దోస వంటి 6 రకాల మొక్కలపై జరిపి 2007లో ప్రచురించిన అధ్యయనంలో, లీటరుకు 2000 మిల్లీగ్రాముల జింక్ ఆక్సైడ్ నానో కణాలు వేర్ల పెరుగుదలను దాదాపు ఆపేశాయి. పొలంలో అంత గాఢత ఉండదు, నిజమే. కానీ హైదరాబాద్ మురుగును మోసుకొచ్చే మూసీ కింద, సూక్ష్మక్రిములు చేరకుండా బట్టలకు పూసిన వెండీ, రంగుల్లోని టైటానియం డయాక్సైడూ కూడా వచ్చి కలిసే అవకాశం ఉంది. మురుగులోని గంధకంతో కలిసి వెండి సల్ఫైడుగా మారితే దాని విషప్రభావం బాగా తగ్గుతుంది కాబట్టి భయపడి పంట మానుకోవాలని నేను చెప్పను. అయినా అడుగున చేరినది అడుగునే ఉంటుంది. మృగాల అనే రకం చేప మేసేది అక్కడే, వేసవిలో పూడిక తీసి మనం చేలకు తోలుకునేదీ ఆ మట్టినే.

పరిశ్రమల వ్యర్థ జలంలో 96 గంటల తర్వాత 90 శాతం చేపలు బతికి ఉండాలన్న పరీక్ష మన పర్యావరణ నిబంధనల్లో ఇప్పటికే ఉంది. కానీ చేప నాలుగు రోజులు బతికినంత మాత్రాన, దాని మేతకు ఏమవుతోందో మనకు తెలియదు. నాచు పెరుగుదలను 72 గంటలు, డాఫ్నియా సంతానోత్పత్తిని 21 రోజులు గమనించే అంతర్జాతీయ పద్ధతులు ఉన్నాయి. కాలుష్య నియంత్రణ మండలి, వ్యవసాయ శాఖ కలిసి ఆ పరీక్షలను ప్రయోగశాల నీటితో కాక మూసీ కాలువల నీటితోనే, పూడిక మట్టితోనే జరిపించి, ఫలితాలను గ్రామ పంచాయతీల్లో తెలుగులో ప్రదర్శించాలి. ఈలోగా లోహ నానో ద్రావణాల సీసాలపై కణాల పరిమాణంతో పాటు, స్ప్రేయర్లను కాలువలో గానీ చెరువులో గానీ కడగరాదన్న హెచ్చరికను స్పష్టంగా కనిపించే తెలుగు అక్షరాల్లో ముద్రించేలా ఆదేశించాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత జంతుశాస్త్ర అధ్యాపకుడు,
వలిగొండ, ఉమ్మడి నల్లగొండ జిల్లా