ఈసారి కమిటీలోకి కొత్తవాళ్లు కావాలి

అందరికీ నమస్కారం. సిడ్నీలో స్పియర్‌ఫిషింగ్ (ఊపిరి బిగబట్టి నీళ్లలో మునిగి ఈటెతో చేపలు పట్టడం) చేసే మనవాళ్లు పెరుగుతున్నారు, సంతోషం. మన సంఘం కమిటీ పని మాత్రం ఇంకా ఆ ముగ్గురు నలుగురే మోస్తున్నారు.

2023 డిసెంబరులో క్రోనుల్లా దగ్గర ఓక్ పార్క్‌లో ఒకరు బ్లూ గ్రోపర్ అనే పెద్ద చేపను ఈటెతో చంపినప్పుడు ఎంత గొడవైందో గుర్తుందిగా. న్యూ సౌత్ వేల్స్‌లో ఆ చేపను ఈటెతో కొట్టడం దశాబ్దాలుగా నిషేధం. తప్పు ఒకరిది, మాటలు పడింది మనందరం. 2024లో గాలంతో పట్టడాన్ని కూడా ఆపేశారు. ఇలాంటి నిర్ణయాల మీద ప్రభుత్వం జనాభిప్రాయం అడిగినప్పుడు మనం రాయకపోతే మన తరఫున ఎవరు రాస్తారు?

రాయడమంటే ప్రతిదానికీ అడ్డం చెప్పడం కాదు. 1960లలో గ్రే నర్స్ షార్కులను విచ్చలవిడిగా చంపింది ఈటె పట్టినవాళ్లే. 1984లో వాటికి చట్టరక్షణ వచ్చింది. 1965 ప్రపంచ స్పియర్‌ఫిషింగ్ ఛాంపియన్ రాన్ టేలర్ ఈటె వదిలి కెమెరా పట్టారు, భార్య వాలరీతో కలిసి షార్కుల తరఫున నిలబడ్డారు. నీళ్ల అడుగున రాతి గుట్టల్లో ఏ చేప తగ్గిందో కళ్లారా చూసేది మనమే కాబట్టి నిజాయితీగా చెబితే మన మాటకు విలువ ఉంటుంది.

ప్రభుత్వ నోటీసులు, గడువులు చూసి ఇక్కడ పెట్టడానికి ఒకరు కావాలి. కొత్తవాళ్లకు నేర్పడానికి ఇద్దరు కావాలి. ఏ చేపను ముట్టకూడదు, నీటి మీద మన చోటు తెలిపే ఫ్లోటు, జెండా ఎందుకు, ఇవన్నీ చెప్పాలి. అన్నిటికంటే ముఖ్యం, ఒకరు కిందికి దిగితే ఇంకొకరు పైనుంచి చూస్తూ ఉండటం. ఊపిరి బిగబట్టి పైకొచ్చేటప్పుడు స్పృహ తప్పితే పక్కనున్నవాళ్లే దిక్కు. దయచేసి దీన్ని తేలిగ్గా తీసుకోకండి.

అనుభవం లేకపోయినా పర్వాలేదు. ఆదివారంలోపు మీ పేరు ఇక్కడే పెట్టండి.