పట్టా భూమి మూడు శాతమే

విజయనగరం

చిరంజీవి శ్రావణికి నాన్న ఆశీస్సులు.

అమెరికాలో వయోమింగ్ రాష్ట్రంలోని జాక్సన్ ఊరి ఆస్పత్రిలో ఫిజియోథెరపిస్టు ఉద్యోగం వచ్చిందని మొన్న ఫోన్లో చెప్పి, "ఏమంటావు నాన్నా?" అని అడిగావు. నేను "చూద్దాంలే" అనేసి ఫోన్ మీ అమ్మ చేతికిచ్చాను. కోపం తెచ్చుకోకు. ముప్పై రెండేళ్లు ఫైళ్లలో నోట్ రాసిన చెయ్యి ఇది. కాగితం మీద పెడితేనే నా బుర్ర నడుస్తుంది.

పోయిన వేసవిలో మమ్మల్ని సాల్ట్ లేక్ సిటీ నుంచి దాదాపు ఐదు గంటలు కారులో కూర్చోబెట్టి ఆ జాక్సన్‌కే తీసుకెళ్లావు కదా. అందరూ కొండల్ని చూస్తుంటే నేను కంచెలు చూస్తున్నానని నవ్వావు. ఏం చేయను, రెవెన్యూలో పనిచేసినవాడికి కొండ కనబడితే ముందు అది ఎవరి ఖాతాలో ఉందోనని అనిపిస్తుంది. జాక్సన్ ఉన్న టీటన్ కౌంటీలో, అంటే మన జిల్లా లాంటిదాంట్లో, నూటికి 97 వంతుల భూమి ప్రభుత్వానిదే. ఎల్లోస్టోన్ జాతీయ పార్కులో ఒక పెద్ద ముక్క, గ్రాండ్ టీటన్ పార్కు, ఎల్క్ దుప్పుల కోసం 1912లో పెట్టిన రక్షిత ప్రాంతం, ఆపైన అడవి. పట్టా భూమి ఆ మిగిలిన మూడు శాతమే. 2020 జనాభా లెక్కల్లో 23,331 మంది. వాళ్ల ఇళ్లూ, హోటళ్లూ, దుకాణాలూ, ఏడాదికి పదిహేను రోజులు వచ్చి ఉండే కోటీశ్వరుల బంగళాలూ అన్నీ అందులోనే ఇమడాలి. ఇంక ధర ఎందుకు దిగుతుంది?

ఆ గ్రాండ్ టీటన్ పార్కు పుట్టిన కథ నాకు భలే నచ్చింది. 1920ల చివర్లో చమురు కుబేరుడు రాక్‌ఫెల్లర్ కొడుకు, చిన్న రాక్‌ఫెల్లర్, స్నేక్ రివర్ లాండ్ కంపెనీ అని ఒకటి పెట్టించి, తన పేరు బయటికి రానీకుండా ఆ లోయలో పశువుల రైతుల దగ్గర భూములు కొనిపించాడు. పేరు తెలిస్తే రేటు పెంచేస్తారని. మా ఆఫీసులో అయితే బినామీ అని రాసి కలెక్టరుగారికి పంపేవాళ్లం. కానీ ఈయన కొన్నదాంట్లో 30 వేల ఎకరాలకు పైగా 1949లో ప్రభుత్వానికి ఊరికే ఇచ్చేశాడు. అలాంటి బినామీ కేసు నా సర్వీసులో ఒక్కటీ తగల్లేదు! అసలు సంగతి తెలిశాక ఊరివాళ్లు మండిపడ్డారు. 1943లో అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ ఆ లోయను జాతీయ స్మారకంగా, అంటే ప్రభుత్వ రక్షణలోని భూమిగా, ప్రకటిస్తే పశువుల్ని తోలుకుపోయి నిరసన చేశారు. మేత పోతుంది, పన్నులు పోతాయి అని వాళ్ల గోల. 1950కి గానీ ఆ భూములు పార్కులో కలవలేదు. ఇప్పుడు ఊరు బతికేదే ఆ కొండలు చూడటానికీ, ఎక్కడానికీ, మంచులో జారడానికీ వచ్చేవాళ్ల మీద.

నేను పాడేరులో ఉన్న రోజుల్లో 1/70 చట్టం ఉండేది, ఇప్పటికీ ఉంది. గిరిజనుడి భూమి బయటివాడు కొనడానికి లేదు. అక్కడ అలాంటి అడ్డేమీ లేదు. పైగా వయోమింగ్‌లో రాష్ట్ర ఆదాయ పన్ను లేదు. డబ్బున్నవాళ్లు అడ్రసు అక్కడికి మార్చుకున్నారు. తలసరి ఆదాయంలో అమెరికా కౌంటీలన్నిటికీ అదే మొదటిదంటారు. తలసరి లెక్కలు నేనూ చాలా రాశాను, వాటి సంగతి నాకు తెలుసు. అక్కడ పైనున్న ఒక్క శాతం మంది సగటు సంపాదన, మిగతా 99 శాతం మంది సగటుకి 140 రెట్ల పైమాటేనని 2015 లెక్క. ఆ పైవాళ్లది చాలావరకు జీతం కాదు తల్లీ, డివిడెండ్లూ షేర్ల లాభాలూ. నీకు వచ్చేది జీతం.

దుప్పి కొమ్ముల తోరణాల దగ్గర ఫొటోలు దిగాక కాఫీ తాగాం, గుర్తుందా? కాఫీ ఇచ్చినావిడ ఎక్కడుంటారని అడిగితే, కొండకు అవతల ఐడహోలో విక్టర్ అంది. జాక్సన్‌లో అద్దె కట్టలేక రోజూ 8,431 అడుగుల టీటన్ కనుమ ఎక్కి దిగి పనికొస్తుంది. మన అనంతగిరి ఘాట్ రోడ్డు మీద మంచు పోసినట్టు ఊహించుకో. చలికాలంలో మంచు చరియలు పడతాయని మధ్యమధ్య మూసేస్తారు. 2024 జూన్‌లో అయితే రోడ్డే కొంత మేర కిందికి జారిపోయింది. పక్కన తాత్కాలిక దారి వేసేదాకా మూడు వారాలు అందరూ చుట్టు తిరిగి వచ్చారు. మళ్లీ తెరిచిన రోజు ఏడ్చేశానని ఆవిడ నవ్వుతూ చెప్పింది. అప్పుడు నువ్వు ఫోన్ చూసుకుంటున్నావు.

వద్దని చెప్పడానికి రాయడం లేదు. తీగల మీద కొండెక్కే ట్రామ్‌లో నాలుగు వేల అడుగులు పైకి వెళ్లి దిగినప్పుడు నీ ముఖం చూశాను. చిన్నప్పుడు అరకు రైల్లో కిటికీ దగ్గర కూర్చున్న ముఖమే. మీ అమ్మ కూడా పైన ఆ చలిలో గళ్ల అట్టు తిని, దానికి వాఫుల్ అన్న పేరే బాగాలేదు గానీ రుచి బాగుందని ఇప్పటికీ చెబుతుంది. అల్లుడిది ఎలాగూ ఇంట్లోంచి చేసే పని. వెళ్తే వెళ్లండి.

కానీ జీతం ఎంతని మాత్రమే అడిగి ఊరుకోకు. ఉద్యోగంతో పాటు ఇల్లిస్తారా? ఇస్తే, ఉద్యోగం మానేసిన ఎన్నాళ్లలో ఖాళీ చేయాలి? అక్కడ పనిచేసేవాళ్ల కోసమని షరతులతో ఉంచిన ఇళ్లు కొన్ని ఉన్నాయి. వాటిని కొంటే మళ్లీ ఇష్టమొచ్చిన ధరకు అమ్ముకోవడం కుదరదు. నా దృష్టిలో అది మంచి పద్ధతే, కానీ దస్తావేజులో ఏం రాశారో చదవకుండా చెయ్యి పెట్టకూడదు. ఇల్లు దొరక్క విక్టర్‌లో ఉండాల్సి వస్తే మాత్రం, ఆ కనుమ జనవరిలో ఒకసారి దాటి చూసి అప్పుడు ఒప్పుకో.

సంతకం పెట్టేముందు ఆ కాగితాలు నాకు వాట్సాప్ చెయ్యి. అక్షరాలు చిన్నవైనా ఫర్వాలేదు, పోయిన వారమే కళ్లద్దాలు మార్పించాను.

ఇట్లు,
నాన్న