హీరో వెనకాల ఉన్న వీధి

అయ్యా,

మీ ఆదివారం అనుబంధంలో కలెక్షన్ల లెక్కలు, హీరోల ముచ్చట్లు చదివీ చదివీ విసుగొచ్చి ఈ ఉత్తరం రాస్తున్నాను. థామ్ ఆండర్సన్ అనే అమెరికన్ దర్శకుడు 2003లో 'లాస్ ఏంజెలెస్ ప్లేజ్ ఇట్‌సెల్ఫ్' అని దాదాపు మూడు గంటల సినిమా తీశాడు. కథ లేదు, హీరో లేడు. చాలావరకు లాస్ ఏంజెలెస్ ఊళ్లో తీసిన వేరేవాళ్ల సినిమాల ముక్కలే, వాటిమీద ఒక గొంతు మాట్లాడుతూ పోతుంది, కానీ ఆయన చూసేది నటుల్ని కాదు, వాళ్ల వెనకున్న వీధిని. (ఊరి పేరును 'ఎల్.ఏ.' అని కురచ చేస్తే ఆయనకు ఒళ్లుమంట, అదీ సినిమాలోనే చెబుతాడు!)

అక్కడ బంకర్ హిల్ అని పేదలుండే పాత పేట ఒకటి ఉండేది. అభివృద్ధి పేరుతో 1960ల్లో కూల్చేశారు, ఇప్పుడన్నీ ఆఫీసు టవర్లు. ఆ పాత ఇళ్లూ మెట్లూ పాత క్రైమ్ సినిమాల్లోనే మిగిలాయి. తీసినవాళ్లకు చరిత్ర గొడవే లేదు, దొంగను తరమడానికి ఒక సందు కావాలి, అంతే.

మన సంగతి ఇంకా విచిత్రం. 1950లు, 60ల తెలుగు సినిమాలు ఎక్కువగా మద్రాసులో తీసినవే కాబట్టి వాటిలో దొరికేది ఆ ఊరే. టీవీలో పాత పాట వస్తే మా నాన్నగారు హీరోయిన్‌ని వదిలేసి "అదిగో మౌంట్ రోడ్డు" అనేవారు. ఇలాంటివాళ్లు ఇంకా చాలామందే ఉన్నారు. వారానికొక పాత సినిమా స్టిల్ వేసి, ఇది ఏ ఊరు, ఏ వీధి అని పాఠకుల్ని అడగండి సార్.

— ఒక పాఠకుడు, విజయవాడ